మనిషి లేని రాత్రి షిఫ్టుకు రక్షణ పరికరాలు: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

మా వర్క్‌షాపు హైదరాబాదు బాలానగర్‌లో ఉంది. ఉన్న నాలుగు సి.ఎన్.సి. (కంప్యూటర్ ప్రోగ్రాముతో నడిచే) యంత్రాల్లో ఒకటి 20 మి.మీ. మందం వరకు బారును (లోహపు కడ్డీని) తీసుకుని, తిప్పుతూ, ముందుకు జరుపుతూ కోసే స్లైడింగ్ హెడ్ లేత్. మందుల కర్మాగారాల్లో వాడే వాల్వులకు, పైపులకు కావలసిన ఎస్.ఎస్. 316 (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) ఫిట్టింగులు దాని మీదే తయారవుతాయి. పద్నాలుగు నెలలుగా ఆ ఒక్క లేత్‌ను రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు దగ్గర మనిషి లేకుండా నడుపుతున్నాము. అందుకు ముందుగా దానికి నాలుగు పరికరాలు అమర్చుకున్నాము. టూల్ (లోహాన్ని కోసే పనిముట్టు) మీద పడే లోడును కనిపెట్టే మానిటర్, పార్టింగ్ టూల్ (తయారైన పీసును బారు నుంచి తెంపేది) విరిగిందో లేదో చూసే పిన్, తనంతట తానే మంటలార్పే ఏర్పాటు, అలారం వస్తే ఫోన్‌కు కబురు పంపే మాడ్యూల్ అనే ఈ నాలుగింటినీ ఒకే సరఫరాదారు దగ్గర సెట్టుగా కొన్నాము. వాటిలో ఏది నమ్మదగినదో, ఏది కాదో, అమర్చేటప్పుడు ఏ లోపం మా కంటపడిందో తోటి వర్క్‌షాపుల వారికి చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను. ఇలాంటి సెట్లు అమ్మేవారు చాలామంది ఉన్నారు, నేను చూసిన లోపం ఒక్కరికే పరిమితమని కూడా నాకు అనిపించడం లేదు కాబట్టి సరఫరాదారు పేరు రాయడం లేదు.

రాత్రి షిఫ్టు మీద ఆశ ఎలా పుడుతుందో మా లెక్కే చెబుతుంది. మా ఫిట్టింగు ఒక్కొక్కటి 2 నిమిషాల 40 సెకన్లలో తయారవుతుంది. పీసు పొడవు 38 మి.మీ., పార్టింగ్‌కు పోయేది 2.5 మి.మీ.; మూడు మీటర్ల బారులో చివర 220 మి.మీ. ముక్క మిగిలిపోతుంది కాబట్టి ఒక్కో బారుకు 68 పీసులు వస్తాయి. అంటే ఒక బారు దాదాపు మూడు గంటలు నడుస్తుంది. బార్ ఫీడర్‌లో (బారులను యంత్రానికి అందించే పరికరంలో) మూడు బారులు పెట్టి తాళం వేసుకుని వెళితే తెల్లవారేసరికి 180 పీసులు తయారై ఉండాలి. జపాన్‌లోని యమనాషి ప్రాంతంలో, ఓషినో దగ్గర ఫ్యానుక్ సంస్థ కర్మాగారంలో రోబోలే రోబోలను తయారు చేస్తాయని, అక్కడ మనుషులు లేకుండానే రోజుల తరబడి పని నడుస్తుందని మనమందరం చదివిందే. అయితే ఆ కర్మాగారాన్ని మొదటి నుంచీ అలా నడపడానికే కట్టారు. మనది రేకుల షెడ్డు, పక్కన ఇంకో రేకుల షెడ్డు. ఇక్కడ మంట లేస్తే మన దగ్గరే ఆగదు.

ఈ సెట్టు కొనాలన్న నిర్ణయానికి పగటిపూట జరిగిన ఒక సంఘటన కారణం. సాయంత్రం నాలుగున్నరకు మా సెట్టర్ (యంత్రాన్ని పనికి సిద్ధం చేసే అతను) పక్క యంత్రం మీద టూల్ కొలత సరిచేస్తుండగా, ఈ లేత్ మీద పార్టింగ్ ఇన్సర్ట్ (టూల్ కొనకు బిగించే, మార్చుకోదగిన కోత ముక్క) విరిగింది. ఇన్సర్ట్ లేకపోయినా ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు కాబట్టి టూల్ హోల్డర్ తిరుగుతున్న బారును ఒరుసుకుంటూ ముందుకే పోయింది. ముందుగా మిస్ట్ కలెక్టర్ (యంత్రం లోపలి నూనె తుంపరను పీల్చే పరికరం) గొట్టం చివర తెల్లటి పొగ కనిపించింది, ఆ వెంటనే కమురు వాసన వచ్చింది. సెట్టర్ రెండంగల్లో వచ్చి ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాడు. తలుపు తెరిచి చూస్తే బారు చివర, వేలెడు మేర, నెమలి మెడ రంగులోకి తిరిగి ఉంది.

ఆ రంగుకు అర్థం తెలిసినవారు దాన్ని తేలికగా తీసుకోలేరు. ఎస్.ఎస్. 316 మీద అలాంటి ముదురు నీలం రావాలంటే లోహం 500 డిగ్రీలు దాటి కాలాలి. మేము వాడేది నీళ్ళు కలపని కటింగ్ ఆయిల్. దాని డేటా షీట్‌లో ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే నూనె ఆవిరి అంటుకునే వేడి) 180 డిగ్రీలని ఉంది. పైగా అధిక పీడనంతో చిమ్మినప్పుడు నూనె సన్నటి తుంపరగా మారి యంత్రం లోపలి గాలంతా నిండుతుంది, ఆ తుంపర ఫ్లాష్ పాయింట్ కన్నా తక్కువ వేడి దగ్గర కూడా అంటుకోగలదు. నీళ్ళలో కలిపే కూలెంట్ వాడే టర్నింగ్ సెంటర్లలో, వి.ఎం.సి.ల్లో (నిలువు మిల్లింగ్ యంత్రాల్లో) ఈ ప్రమాదం చాలా తక్కువ. స్లైడింగ్ హెడ్ లేత్‌లలో గైడ్ బుష్‌కు (బారును కోత దగ్గర పట్టి ఉంచే భాగానికి), చిన్న టూళ్ళకు నూనె అవసరం కాబట్టి చాలామంది నూనే వాడతారు. అందువల్ల రాత్రి నడపడానికి ఎక్కువ అనువైన ఈ యంత్రమే మంటకు కూడా ఎక్కువ అనువైనదవుతోంది. ఆ రోజు సెట్టర్ పది అడుగుల దూరంలో ఉన్నాడు. రాత్రి రెండు గంటలకు ఎవరూ ఉండరు.

కాబట్టి ఈ పరికరాలను నేను ఒకే ఒక్క ప్రశ్నతో కొలిచాను. తేడా వచ్చినప్పుడు, ఎవరినీ నిద్ర లేపకుండా, ఎవరి సాయమూ లేకుండా, యంత్రాన్ని ఇది ఆపగలదా? ఉత్పత్తి పెంచుతుందా, రిపోర్టులు బాగా ఇస్తుందా అన్నవి నాకు ఆ తర్వాతి విషయాలు.

లోడ్ మానిటర్ ఈ ప్రశ్నకు చాలా వరకు సరైన జవాబే ఇచ్చింది. స్పిండిల్ (బారును తిప్పే ఇరుసు) మోటారు, టూళ్ళను, బారును జరిపే సర్వో మోటార్లు తీసుకునే కరెంటును బట్టి ప్రతి టూల్ ఎంత బరువు మోస్తోందో అది లెక్కగడుతుంది. కొత్త జాబ్ పెట్టినప్పుడు పది మంచి పీసులు చేయించి నేర్పిస్తే, ఒక్కో టూలుకు పై హద్దు, కింది హద్దు తనే సూచిస్తుంది. పై హద్దు దాటితే టూల్ మొద్దుబారిందని లేదా విరిగి ఇరుక్కుందని అర్థం. కింది హద్దుకు చేరకపోతే టూల్ అసలు లోహాన్ని తాకడం లేదని, అంటే అది ముందే విరిగిపోయిందని అర్థం. చాలామంది పై హద్దు ఒక్కటే పెట్టుకుని ఊరుకుంటారు. డ్రిల్ విరిగిపోయిన తర్వాత వచ్చే బోరింగ్ బార్ (రంధ్రాన్ని పెద్దది చేసే టూల్), రంధ్రం లేని చోటికి వెళ్ళి గుద్దుకునేది ఆ కింది హద్దు లేకపోవడం వల్లనే.

హద్దులు పెట్టడంలో ఓపిక కావాలి. సూచించిన హద్దులను యథాతథంగా ఉంచితే మొదటి వారం రాత్రికి ఒకసారైనా ఊరికే ఆగింది. చల్లటి యంత్రంలో స్పిండిల్ బేరింగుల లోడే ఎక్కువగా ఉంటుంది కాబట్టి రాత్రి యంత్రం చల్లబడ్డాక పగటి హద్దులు సరిపోలేదు. విసుగు పుట్టి హద్దును బాగా పైకి జరిపేయాలనిపించే దశ అది. మేము జరపలేదు. బాలానగర్‌లోనే 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదువుకున్న మా సెట్టర్, కొత్త ఇన్సర్ట్‌తో ఒకసారి, మార్చే వేళకు వచ్చిన అరిగిన ఇన్సర్ట్‌తో ఇంకోసారి లోడు నమోదు చేసి, ఆ రెంటికీ కొంచెం పైన హద్దు పెట్టాడు. ఆ తర్వాత ఊరికే ఆగడం నెలకు ఒకటి రెండు సార్లకు తగ్గింది, దాన్ని నేను లోపంగా లెక్కించను.

అసలైన పరిమితి వేరే చోట ఉంది. మా ఫిట్టింగులో 1.5 మి.మీ. అడ్డ రంధ్రం ఒకటి ఉంది. ఆ డ్రిల్ తీసుకునే శక్తి ఖాళీగా తిరిగే స్పిండిల్ లోడులో కలిసిపోతుంది, మానిటర్‌కు అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అమ్మేటప్పుడు ఈ విషయం ఎవరూ చెప్పలేదు, మేము డ్రిల్ తీసేసి ఖాళీ హోల్డర్‌తో నడిపి చూసినప్పుడు బయటపడింది. మీరు కొనే ముందు మీ జాబ్‌లోని అతి సన్నని టూల్ తీసేసి, మీ కళ్ళముందే నడిపి చూపించమనండి. మేము ఆ డ్రిల్‌కు పీసుల లెక్క పెట్టుకున్నాము: 250 పీసులు కాగానే ప్రోగ్రామే అలారం ఇచ్చి ఆగిపోతుంది. ఫ్యానుక్ కంట్రోలుపై (యంత్రాన్ని నడిపే కంప్యూటర్‌పై) మాక్రో సదుపాయం (ప్రోగ్రాములో సొంత లెక్కలు, షరతులు రాసుకునే వీలు) ఉన్నవారికి ఇందుకోసం కొత్తగా ఏమీ కొనవలసిన అవసరం లేదు. తయారైన పీసుల లెక్క #3901 అనే వేరియబుల్‌లో ఉంటుంది, కావలసిన పీసుల లెక్క #3902లో ఉంటుంది, #3000కు విలువ ఇస్తే యంత్రం మనం రాసుకున్న సందేశంతో అలారంలోకి వెళుతుంది. రాత్రి షిఫ్టులోకి వెళ్ళే ముందు ఆ డ్రిల్ తప్పనిసరిగా కొత్తది వేస్తాము.

మానిటర్ నిజంగా పనిచేసిన రాత్రి గురించి చెప్పాలి. తొలకరి వానలు మొదలైన రోజులు. తెల్లవారుజామున మూడు గంటలు కావస్తుండగా మా వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, మిషన్ సప్పుడు బందైంది. మీద ఎర్ర లైట్ ఎలుగుతుంది. నేను దగ్గరికి పోలే" అన్నాడు. పోవద్దనే చెప్పాను. ఉదయం ఆరు గంటలకు నేను, సెట్టర్ కలిసి చూశాము. అలారం సమయం 2:39. లెక్కలో 104 పీసులు ఉన్నాయి. 105వ పీసులో 6 మి.మీ. కార్బైడ్ డ్రిల్ అంచు పెచ్చు లేచింది, ఎస్.ఎస్. చిప్స్ (కోసినప్పుడు రాలే లోహపు పొట్టు) తెగకుండా డ్రిల్ చుట్టూ పీచులా చుట్టుకుని నిమ్మకాయంత ఉండ అయ్యాయి. డ్రిల్ విరగలేదు. బారు రంగు మారలేదు. చేత్తో తడిమి చూస్తే మామూలు చల్లటి నూనె జిడ్డే. మిగిలిన 76 పీసులు పోయాయి, వాటిని పగలు పూర్తి చేసుకున్నాము. ఆ నిమ్మకాయంత ఉండను సెట్టర్ ఒక డబ్బాలో వేసి కంట్రోల్ ప్యానెల్ పక్కన పెట్టాడు, హద్దులు పెంచుదామని ఎవరైనా అన్నప్పుడు చూపించడానికి.

పార్టింగ్ పిన్ గురించి చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే అది చేసే పని చిన్నది, ఆ పనిని తప్పు లేకుండా చేస్తోంది. పీసు తెగిపడిన తర్వాత ఆ ఖాళీలోకి ఒక సన్నటి పిన్ ఊగి వస్తుంది. అక్కడ ఖాళీకి బదులు లోహం తగిలితే పార్టింగ్ జరగలేదని గుర్తించి యంత్రాన్ని ఆపేస్తుంది. చాలా స్లైడింగ్ హెడ్ లేత్‌లలో ఇది కంపెనీ నుంచే వస్తుంది, మా పాత యంత్రానికి లేకపోవడం వల్ల పెట్టించుకోవలసి వచ్చింది. పద్నాలుగు నెలల్లో మూడు సార్లు ఆపింది, మూడు సార్లూ నిజమే. ఈ నాలుగింటిలో డబ్బు తక్కువగా ఉండి ఒక్కటే కొనగలిగితే ముందు దీన్నే కొనమంటాను. వారానికోసారి పిన్ మీద పేరుకున్న చిప్స్ తుడిచి, దాని ఊపు స్వేచ్ఛగా ఉందో లేదో చూసుకోవాలి.

ఇక మంటలార్పే ఏర్పాటు. నా ఖర్చులో ఎక్కువ భాగం దీనికే పోయింది, నా ఫిర్యాదులో ఎక్కువ భాగం కూడా దీని గురించే. మూలసూత్రం చాలా మంచిది. యంత్రం లోపల, టూళ్ళకు పైన, నైట్రోజన్ ఒత్తిడితో నింపిన ఒక పాలిమర్ గొట్టాన్ని చుట్టూ తిప్పుతారు. మా గొట్టం దాదాపు 110 డిగ్రీల వేడికి, ఎక్కడ ఎక్కువగా కాలితే అక్కడ మెత్తబడి పగులుతుంది. గొట్టంలో ఒత్తిడి పడిపోగానే సిలిండర్ వాల్వు తెరుచుకుని నాజిళ్ళ గుండా కార్బన్ డయాక్సైడ్ లోపలికి దూకుతుంది. ఒక ప్రెషర్ స్విచ్ అదే క్షణంలో యంత్రాన్ని ఆపమని సంకేతం ఇస్తుంది. మంటను పసిగట్టడానికి గానీ, గ్యాసు వదలడానికి గానీ దీనికి కరెంటు అక్కర్లేదు. మన కరెంటు సంగతి తెలిసినవారికి ఈ ఒక్క మాట చాలు. పొడి మందు వాడే రకాలు కూడా చవకగా దొరుకుతాయి, కానీ ఆ పొడి గైడ్‌వేలలోకి, బాల్ స్క్రూలలోకి చేరితే మంట ఆర్పిన తర్వాత యంత్రం మిగలడం కష్టం. కార్బన్ డయాక్సైడ్ ఏ జిడ్డూ, ఏ మరకా మిగల్చదు.

లోపం అమర్చిన తీరులో ఉంది. అప్పగించే రోజున టెక్నీషియన్ సిలిండర్‌ను విడదీసి, గొట్టంలోని ఒత్తిడిని చివర వాల్వు తిప్పి వదిలి, యంత్రం ఆగడం చూపించాడు. స్పిండిల్ ఆగింది, ఎర్ర దీపం వెలిగింది. అతను కాగితం మీద సంతకం అడుగుతుండగా మా సెట్టర్ తలెత్తి, మిస్ట్ కలెక్టర్ ఇంకా మోగుతోందన్నాడు. ఒక దినపత్రిక ముక్క చింపి కలెక్టర్ నోటి దగ్గర పెడితే అది ఠక్కున అతుక్కుని అక్కడే నిలిచింది. కలెక్టర్‌కు కరెంటు వేరే బోర్డు నుంచి వస్తోంది, యంత్రం ఆగడంతో దానికి సంబంధం లేదు. తర్వాత చూస్తే 70 బార్ ఒత్తిడితో నూనె చిమ్మే పంపుదీ అదే పరిస్థితి. దాని స్టార్టర్ కూడా వేరే.

ఇదెంత పెద్ద విషయమో అంకెల్లో చూస్తే అర్థమవుతుంది. నూనె మంట లాంటి పైపై మంటలను ఆర్పడానికి ఆ మూసిన చోటులో కనీసం 34 శాతం కార్బన్ డయాక్సైడ్ నిండాలని అమెరికా వారి అగ్నిరక్షణ సంఘం ఎన్.ఎఫ్.పి.ఎ. రాసిన 12వ నంబరు ప్రమాణం చెబుతుంది. మా యంత్రం లోపలి ఖాళీ దాదాపు ఒకటిన్నర ఘనమీటరు. కలెక్టర్ గంటకు 500 ఘనమీటర్ల గాలిని లాగుతుంది. అంటే పదకొండు సెకన్లలో ఆ ఖాళీ మొత్తాన్ని బయటికి తోడేయగలదు. మంట మీదికి వదిలిన గ్యాసును కలెక్టర్ ఒకవైపు నుంచి లాగేస్తూ, మంటను తన గొట్టంలోకి, అక్కడి నూనె నానిన ఫిల్టర్లలోకి పీల్చుకుంటూ, మరోవైపు నుంచి తాజా గాలిని అందిస్తూ ఉంటుంది. నూనె పంపు ఆ మంటకు నూనె పోస్తూ ఉంటుంది. సంతకం పెట్టి ఉంటే, కాగితం మీద మాకు మంటలార్పే రక్షణ ఉండేది, షెడ్డులో ఉండేది కాదు.

సరిచేయడం కష్టం కాదు. ప్రెషర్ స్విచ్ సంకేతంతో కలెక్టర్ మోటారుకు, నూనె పంపుకు కరెంటు తెంపే కాంటాక్టర్ ఒకటి, కలెక్టర్ గొట్టంలో స్ప్రింగుతో తనే మూసుకునే డ్యాంపర్ (గాలి దారిని మూసే రేకు) ఒకటి కావాలి. అవి ఒప్పందంలో లేవన్నారు. రెండు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది, ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలు ఆ లేత్‌ను రాత్రి ఒక్క గంట కూడా నడపలేదు. చివరికి వచ్చి చేసిన పని శుభ్రంగా ఉంది, ఆ మాట కూడా చెప్పాలి. కానీ యంత్రం చుట్టూ ఉన్నదంతా ఆపకుండా యంత్రాన్ని మాత్రమే ఆపడాన్ని మంటలార్పే ఏర్పాటు అని అమ్మకూడదు.

వాడకంలో తెలుసుకున్న ఇంకో సంగతి కొనేవారు తప్పక గుర్తుంచుకోవాలి. ముందు భాగంలో ఒక గేజ్ ఉంటుంది, ముల్లు పచ్చ రంగులో ఉంటే అంతా సవ్యమని వాచ్‌మన్‌కు కూడా చెప్పి వెళ్ళారు. ఆ గేజ్ చూపించేది గొట్టంలోని నైట్రోజన్ ఒత్తిడిని మాత్రమే. సిలిండర్‌లో గ్యాసు ఎంత ఉందో అది చెప్పదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ను తూకం వేసి చూడడం ఒక్కటే దారి, ఎందుకంటే లోపల ద్రవం కొంచెమే మిగిలినా ఒత్తిడి దాదాపు అంతే చూపిస్తుంది. మేము ఆరు నెలలకొకసారి విప్పి తూకం వేస్తున్నాము, నింపిన బరువులో పదో వంతు తగ్గితే మళ్ళీ నింపించాలి. ఐదేళ్ళకొకసారి సిలిండర్‌కు హైడ్రాలిక్ పరీక్ష ఉంటుంది, ఆ తేదీ సిలిండర్ మెడ మీద కొట్టి ఉందో లేదో తీసుకునేటప్పుడే చూడండి. ఎండ విషయం కూడా ఉంది. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా నిలవదు, ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. మే నెలలో మన రేకుల షెడ్డు లోపల ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. టెక్నీషియన్ సిలిండర్‌ను పడమటి గోడకు, మధ్యాహ్నమంతా ఎండ కాసే రేకుకు ఆనించి బిగించాడు. మేము దాన్ని యంత్రం వెనక, నీడవైపుకు మార్పించాము.

మంట కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ గ్యాసే. గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువైన ఆ గ్యాసు నేల మీద, గుంటల్లో పేరుకుంటుంది. రంగు లేదు, కనిపించదు. పది శాతం దాటిన గాలి పీల్చిన మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. రాత్రి పొగ కనిపిస్తే ముందు పరిగెత్తి వచ్చేది వాచ్‌మన్. అతను చేయబోయే మొదటి పని యంత్రం తలుపు తెరవడం. తెరిస్తే లోపలి గ్యాసు అతని కాళ్ళ దగ్గరికి వస్తుంది, బయటి గాలి ఇంకా వేడిగా ఉన్న నూనె మీదికి వెళ్ళి మంట మళ్ళీ లేస్తుంది. సెట్టుతో పాటు ఇచ్చిన హెచ్చరిక పలక పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. మా వాచ్‌మన్‌కు తెలుగు వచ్చు, రాత్రి గేటు దగ్గర ఉండే కుర్రాడికి హిందీ వచ్చు. ప్రాణం కాపాడవలసిన వాక్యాన్ని చదవలేని భాషలో గోడకు తగిలించడం నాకు బాధ కలిగించింది. మేమే రెండు భాషల్లో పెద్ద అక్షరాలతో రాయించాము: ఎర్ర దీపం వెలిగితే లోపలికి వెళ్ళకూడదు, తలుపు తెరవకూడదు, షట్టరు పూర్తిగా ఎత్తి బయట నిలబడి ఫోన్ చేయాలి. రాసి ఊరుకోకుండా, మూడు నెలలకొకసారి దీపం వెలిగించి, వాళ్ళిద్దరితో అదంతా చేయించి చూస్తాము. ఆ రాత్రి వాచ్‌మన్ "దగ్గరికి పోలే" అన్న మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో, మానిటర్ సకాలంలో ఆపడం కూడా అంతే ఊరటనిచ్చింది.

ఏ లోహాన్ని కోస్తున్నామో కూడా చూసుకోవాలి. మెగ్నీషియం మిశ్రమాలు కోసే వర్క్‌షాపులకు ఈ ఏర్పాటు పనికిరాదు. మండుతున్న మెగ్నీషియం కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్‌నే లాక్కుని ఇంకా మండుతుంది. టైటానియం సన్నటి చిప్స్ విషయంలో కూడా దీన్ని నమ్ముకోకూడదు. వాటికి లోహ మంటల కోసం తయారైన పొడి వేరే ఉంటుంది, దాన్ని చల్లడానికి మనిషి ఉండాలి. మా దగ్గర అప్పుడప్పుడు టైటానియం జాబ్ వస్తుంది, దాన్ని పగలే చేస్తాము.

ఫోన్ మాడ్యూల్ ఈ సెట్టులో అన్నిటికన్నా బలహీనమైనది. 2:39కి వచ్చిన అలారం సందేశం నా ఫోన్‌కు 3:25కి చేరింది. అప్పటికి వాచ్‌మన్ ఫోన్ చేసి అరగంట దాటింది. రేకుల షెడ్డులో సిగ్నల్ అంతంత మాత్రం, యాంటెనాను బయట పైపుకు కట్టాక కొంత మెరుగుపడింది. పైగా దానికి సొంత బ్యాటరీ లేదు, కరెంటు పోతే కరెంటు పోయిందని చెప్పవలసిన పరికరమే ముందు మూగబోతుంది. చిన్న బ్యాటరీ మేమే తగిలించాము. దీన్ని సౌకర్యంగా చూడండి, రక్షణగా లెక్క వేయకండి. మనిషి లేచి వస్తేనే ప్రమాదం ఆగుతుందన్న పద్ధతిలో ఏదైనా ఉంటే, ఆ యంత్రాన్ని రాత్రి వదిలిపెట్టకూడదు.

కరెంటు గురించి మాట వచ్చింది కాబట్టి, సెట్టులో లేని ఒక ఏర్పాటు గురించి కూడా చెప్పాలి. కరెంటు పోయి జెనరేటర్ అందుకున్నాక యంత్రం తనంతట తాను మొదలు కాకూడదని యంత్రాల విద్యుత్ భద్రతకు సంబంధించిన ఐ.ఇ.సి. 60204-1 అనే అంతర్జాతీయ ప్రమాణం కోరుతుంది, మంచి యంత్రాలన్నీ అలాగే ఉంటాయి. మాది కూడా మనిషి వచ్చి రీసెట్ నొక్కేవరకు అలారంలోనే ఉంటుంది. కానీ ఎయిర్ కంప్రెసర్‌కు ఆ నియమం తెలియదు. కరెంటు రాగానే ప్రెషర్ స్విచ్ ప్రకారం అది మొదలవుతుంది, గాలి లైన్లు నిండుతాయి. మా పాత బార్ ఫీడర్ పుషర్ గాలితో పనిచేసేది కాబట్టి, ఎవరూ అడగకుండానే బారును ముందుకు నెట్టడం మేము కళ్ళారా చూశాము. బార్ ఫీడర్‌కు వెళ్ళే గాలి లైన్‌లో కరెంటు పోగానే మూసుకుని చేత్తో రీసెట్ చేస్తేనే తెరుచుకునే సోలినాయిడ్ వాల్వు పెట్టాక ఆ భయం పోయింది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటార్లను ఆపే రిలే కూడా తప్పనిసరి, అది చాలామంది దగ్గర ఉండేదే.

స్పిండిల్ వెనక వైపు బారు బయటికి పొడుచుకు వచ్చి తిరిగే ఏర్పాటుతో రాత్రి నడిపేవారిని నేను చూశాను. ఆధారం లేని బారు వేగంగా తిరిగితే ఒక్కసారిగా వంగి కొరడాలా కొడుతుంది, దగ్గర ఉన్న మనిషి ప్రాణం తీస్తుంది. పూర్తిగా మూసిన గొట్టంలో, నూనె మధ్య బారును నిలిపే ఫీడర్ లేనివారు ఈ సెట్టు కొనే ముందు అలాంటి ఫీడర్ పెట్టించుకోవాలి.

ఈ పరికరాలు వచ్చాక కూడా రాత్రి పదింటి పని తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది. కొత్త జాబ్‌ను కనీసం వారం రోజులు పగలు నడిపాకే రాత్రికి ఇస్తాము. వెళ్ళే ముందు నూనె మట్టం, చిప్ కన్వేయర్, గేజ్ ముల్లు, కలెక్టర్ డ్యాంపర్ చూసి, నూనె తుడిచిన బట్టలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి బయట పెట్టి, చివరి పీసును కొలిచి, సెట్టర్ పుస్తకంలో సంతకం చేస్తాడు. ఇరవై నిమిషాలు పడుతుంది. అలాగే రాత్రి మనిషి లేకుండా నడుపుతున్న సంగతిని బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ ఉత్తరం నకలు దగ్గర ఉంచుకున్నాము. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 38వ సెక్షన్ మంటల విషయంలో యజమాని తీసుకోవలసిన జాగ్రత్తలను చెప్పేది. మనిషి లేని యంత్రం పక్క గేటు దగ్గర మనిషి ఉన్నంతవరకు ఆ బాధ్యత మనదే.

అంతా కలిపి, మేము తర్వాత చేయించుకున్న మార్పులతో సహా, ఖర్చు యంత్రం ధరతో పోలిస్తే చిన్నదే. లోడ్ మానిటర్, పార్టింగ్ పిన్ నిస్సందేహంగా కొనదగినవి. మంటలార్పే ఏర్పాటు కొనదగినదే, కానీ కలెక్టర్, పంపు, డ్యాంపర్ కలిపి పరీక్షించి చూపించాకే డబ్బు పూర్తిగా చెల్లించాలి. ఫోన్ మాడ్యూల్ లేకపోయినా ఏమీ పోదు. పోయిన నెల రెండో లేత్‌కు కూడా ఇదే సెట్టు ఆర్డరు ఇచ్చాను. ఈసారి కొనుగోలు పత్రంలోనే మూడు షరతులు రాయించాను: ప్రెషర్ స్విచ్ సంకేతంతో యంత్రం, పంపు, కలెక్టర్ మూడూ ఆగాలి, సిలిండర్ బరువు అప్పగించే రోజున మా కాటా మీద తూచి రాయాలి, హెచ్చరిక పలక తెలుగులో, హిందీలో ఉండాలి. సరఫరాదారు మూడింటికీ ఒప్పుకుని సంతకం చేశారు. పరీక్ష రోజున వాచ్‌మన్‌ను కూడా పగలు రమ్మని చెప్పాను.